కుండ, చిల్లు, ముసలమ్మ బరువు

సోంపేట బజారు వీధిలో నా స్నేహితుడికి మందుల కొట్టు ఉంది. ఉద్యోగం నుంచి దిగిపోయాక నా సాయంత్రాలన్నీ ఆ కొట్టు ముందు బల్ల మీదే గడుస్తున్నాయి. ముప్పై రెండేళ్ళ కొట్టు అది. పేరు చెప్పక్కర్లేదు, 'ఆ తెల్ల బిళ్ళ బాబూ, నడుమ గీతుంటాది' అంటే చాలు, తీసి చేతిలో పెడతాడు. ఆయన మేనకోడలు ఫార్మ్‌డి చదివి విశాఖపట్నంలో ఒక ఆసుపత్రిలో క్లినికల్ ఫార్మసిస్టుగా చేస్తోంది. వార్డుల్లో తిరుగుతూ రోగుల చీటీలు చూసి, మోతాదు ఎక్కువైందో తక్కువైందో డాక్టర్లకి చెప్పే పని. 'డాక్టరు రాసింది మళ్ళీ డాక్టరుకే అప్పజెప్పడానికి జీతమా?' అని మావయ్యకి మొదటి నుంచీ వెటకారం.

సంక్రాంతికి ఆ పిల్ల ఊరొచ్చింది. కనుమ మర్నాడు కొట్లో కూర్చుని ఉండగా, మనవడి చెయ్యి పట్టుకుని ఒక ముసలమ్మ వచ్చింది. మూత్రంలో మంట, మాటిమాటికీ వెళ్ళాల్సి రావడం. జ్వరం లేదు. చీటీలో లీవోఫ్లాక్సాసిన్ 500, రోజుకొకటి, ఏడు రోజులు అని ఉంది. చీటీకి పిన్ను కొట్టిన రక్తపరీక్ష కాగితంలో క్రియాటినిన్ 1.2. మావయ్య ఏడు బిళ్ళలు కత్తిరించి ఇచ్చాడు. వాళ్ళు మెట్లు దిగారో లేదో, గొడవ మొదలైంది. నేను విన్నది విన్నట్టు రాస్తున్నాను. ఉండబట్టలేని చోట నా మాట కూడా కలిపాను.

కోడలు – మావయ్యా, ఆవిడ వయసెంత?

మావయ్య – చీటీ మీద 72 అని ఉంది. ఏటి?

కోడలు – బరువు?

మావయ్య – మందుల కొట్టమ్మా ఇది, ధాన్యం కాటా కాదు.

కోడలు – చూస్తే 45 కిలోలు ఉంటుందేమో. ఆ లెక్కన రోజూ 500 ఆవిడకి ఎక్కువ. మొదటి బిళ్ళ పరవాలేదు. రెండో రోజు నుంచి ఎక్కువ.

మావయ్య – క్రియాటినిన్ 1.2 ఉంది, చూళ్ళేదా? ల్యాబు వాడు పక్కన నార్మల్ అని కొట్టాడు. కిడ్నీలు బాగున్నవాళ్ళకి మోతాదు ఎందుకు తగ్గించాలి?

కోడలు – క్రియాటినిన్ ఎక్కణ్ణుంచి వస్తుంది? కండలోంచి. కండ ఎంత ఉంటే అంత పుడుతుంది. తాలింఖానాలో కసరత్తు చేసే కుర్రాడికి 1.2 ఉంటే వాడి కిడ్నీలు దివ్యంగా ఉన్నట్టు. ఎముకల మీద చర్మం తప్ప ఇంకేమీ లేని ఈవిడకి పుట్టేదే తక్కువ. ఆ తక్కువ కూడా బయటికి పోక 1.2 దగ్గర నిలిచిందంటే, పోయే దారి ఎంత ఇరుకైపోయిందో చూడు. కాగితం ఇలా ఇయ్యి. 140లోంచి వయసు 72 తీసెయ్యి. 68. దాన్ని 45తో గుణించు. 3060. కింద 72ని 1.2తో గుణించు.

మావయ్య – మళ్ళీ వయసేటి?

కోడలు – వయసు కాదు, సూత్రంలో ఉన్న అంకె. 86.4 వచ్చింది. భాగించు. 35 చిల్లర. ఆడవాళ్ళకి 0.85తో గుణించాలి. 30. నిమిషానికి 30 మిల్లీలీటర్ల రక్తం మాత్రమే శుభ్రమవుతోంది. ఆరోగ్యంగా ఉన్న పడుచువాళ్ళకి 120 దాకా ఉంటుంది. నాలుగో వంతు.

మావయ్య – ఈ సూత్రం ఎవడిది?

కోడలు – కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అని ఇద్దరు. కెనడాలో, 1976లో.

మావయ్య – ఎంతమందిని చూసి కట్టారు?

కోడలు – 249 మందిని.

మావయ్య – ఆడవాళ్ళెందరు?

ఆ పిల్ల ఒక్క క్షణం తటపటాయించింది. అబద్ధం చెప్పే రకం కాదు.

కోడలు – దాదాపు అందరూ మగవాళ్ళే. ఆడవాళ్ళకి 15 శాతం తగ్గించమన్నది కొలిచి చెప్పింది కాదు, ఉజ్జాయింపే.

మావయ్య – అదీ సంగతి! కెనడా మగాళ్ళని కొలిచి సోంపేట ముసలమ్మకి మందు కోస్తానంటావు.

కోడలు – ఎగతాళి చెయ్యి, తప్పులేదు. కానీ మందుల కంపెనీలు ఏ మోతాదు ఎవరికి అని తేల్చుకున్నప్పుడు చాలావరకు ఈ లెక్కే పట్టుకున్నాయి. ఆ బిళ్ళల డబ్బాలో మడత పెట్టిన కాగితం ఉంటుంది చూడు, నువ్వు చింపి పారేసేది. నిమిషానికి 20 నుంచి 49 మధ్య ఉంటే మొదటి రోజు 500, మర్నాటి నుంచి 250 అని అందులోనే ఉంది. సూత్రం మొరటుదే. గుడ్డిగా ఇవ్వడం కన్నా మెరుగు.

మావయ్య ఒక డబ్బా విప్పి కాగితం తీశాడు. చత్వారం కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చదివాడు. ఉంది. మడిచి జేబులో పెట్టుకున్నాడు గానీ ఒప్పుకోలేదు.

మావయ్య – సరే, ఉంది. కానీ ఇదేం తర్కం? కిడ్నీ బలహీనమైతే మొదటి రోజు నుంచే తగ్గించాలి కదా. మొదటి రోజు నిండుగా ఇచ్చి రెండో రోజు కొయ్యడమేటి?

కోడలు – పెరట్లో చిల్లు కుండ ఉందనుకో. నింపడానికి ఎన్ని బిందెలు పడతాయన్నది దేన్ని బట్టి?

మావయ్య – కుండ సైజుని బట్టి.

కోడలు – చిల్లు పెద్దదైనా చిన్నదైనా?

మావయ్య – మొదటిసారి నింపడానికి పెద్ద తేడా ఏముంది?

కోడలు – నిండాక, నిండుగానే ఉంచాలంటే రోజూ ఎంత పొయ్యాలి?

మావయ్య – చిల్లులోంచి ఎంత కారితే అంత.

కోడలు – అంతే. మొదటి మోతాదు ఒంటి పరిమాణాన్ని బట్టి. తర్వాతివి కిడ్నీని బట్టి. లీవోఫ్లాక్సాసిన్ 85 శాతానికి పైగా మారకుండా మూత్రంలోనే పోతుంది. మామూలు మనిషిలో ఏడు గంటలు తిరిగేసరికి రక్తంలో సగమవుతుంది. ఈవిడలాంటి వాళ్ళలో సగమవడానికి ఒక రోజు దాటుతుంది. నిన్నటి బిళ్ళ సగం లోపలే ఉండగా ఇవాళ్టి బిళ్ళ పడుతుంది, దాని మీద రేపటిది. ముసలివాళ్ళకి నిద్ర పట్టదు, మాట తికమకవుతుంది, మడమ వెనక స్నాయువు తెగినా తెగొచ్చు. ఇంట్లోవాళ్ళు 'వయసైపోయింది, చాదస్తం' అనుకుంటారు.

(కుండ పోలిక నాకు బాగా నచ్చింది. నా బీపీ బిళ్ళలకి కూడా వర్తిస్తుందేమోనని అడగబోయాను. ఇద్దరూ నా వైపు చూడలేదు.)

మావయ్య – కిడ్నీ అంటే జల్లెడ. జల్లెడ కన్నాలు కొన్ని పూడుకుపోతే మందు నెమ్మదిగా జారుతుంది. ఇంత మాత్రానికి నీకు అన్నేళ్ళ చదువెందుకు?

కోడలు – జల్లెడ అనుకోవడం దగ్గరే అందరూ ఆగిపోతారు. జల్లెడ మొదటి మెట్టు. గుండె కొట్టే రక్తంలో అయిదో వంతుకి పైగా కిడ్నీలకే వెళ్తుంది, నిమిషానికి ఒక లీటరు పైచిలుకు. ఒక్కో కిడ్నీలో దాదాపు పది లక్షల నెఫ్రాన్లు. ప్రతి నెఫ్రాన్ తలలో సన్నటి రక్తనాళాల గుత్తి. రోజుకి 180 లీటర్ల నీరు ఆ గుత్తుల్లోంచి కారుతుంది. మనం పోసేది లీటరున్నర. మిగతాదంతా గొట్టాలు వెనక్కి లాక్కుంటాయి. ఈ కారడం దగ్గరే ఒక మెలిక ఉంది. బారువ రేవులో వల చూశావుగా? నీళ్ళు పోతాయి, పరకలు పోతాయి, పెద్ద చేప పోదు. రక్తంలో పెద్ద చేప ఆల్బుమిన్ అనే ప్రోటీను. మందు దాన్ని కరుచుకుని కూర్చుంటే అదీ వలలోంచి పోదు. సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ రోజుకొకటి చాలు అంటారు కదా, ఎందుకు? రక్తంలో ఉన్నదాంట్లో తొంభై శాతం దాకా పెద్ద చేపని కరుచుకునే ఉంటుంది. విడిగా ఈదే కాస్తే వలలోంచి జారుతుంది.

మావయ్య – ఇది బాగుంది. మరి అమోక్సిసిలిన్ మూడు పూటలా ఎందుకు?

కోడలు – అక్కడే రెండో మెట్టు. కారడం సరిపోదని కిడ్నీ కొన్ని మందుల్ని చేత్తో తోడి పోస్తుంది. పడవలో చేరిన నీళ్ళు తోడేసినట్టు. నెఫ్రాన్ గొట్టం గోడల్లోని కణాలు రక్తం వైపు నుంచి మందుని పట్టుకుని మూత్రం వైపుకి విసిరేస్తాయి. పెన్సిలిన్ జాతి అంతా ఈ తోడిపోతకి చిక్కుతుంది. అసలు పెన్సిలిన్‌లో పదో వంతే కారి పోయేది, తొమ్మిది వంతులు తోడి పోసేదే. అరగంటలో రక్తంలో సగం ఖాళీ.

మావయ్య – అరగంటా? మరి మొదట్లో ఎలా వాడారు?

కోడలు – అవస్థపడి. ఆక్స్‌ఫర్డ్‌లో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసు కానిస్టేబుల్‌కి ముఖమంతా చీము పట్టింది. ఒక కన్ను అప్పటికే పోయింది. 1941 ఫిబ్రవరిలో, ఫ్లోరీ అనే శాస్త్రవేత్త బృందం తయారుచేసిన పెన్సిలిన్ అతనికి ఎక్కించారు. ఒక రోజు తిరిగేసరికి జ్వరం దిగింది, అన్నం సహించింది. కానీ ప్రపంచంలో ఉన్న పెన్సిలినే గుప్పెడు. ఎక్కించినదంతా గంటల్లో మూత్రంలో దిగిపోతోంది. ఏం చేశారో తెలుసా? అతని మూత్రం సీసాల్లో పట్టి, సైకిళ్ళ మీద ల్యాబుకి తీసుకెళ్ళి, అందులోంచి పెన్సిలిన్ మళ్ళీ తీసి అతనికే ఎక్కించారు.

మావయ్య – రామ రామ!

కోడలు – అయినా అయిదు రోజుల్లో నిల్వ అయిపోయింది. చీము తిరగబెట్టింది. మార్చి 15న చనిపోయాడు.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఎదురుగా కిళ్ళీ కొట్టులో రేడియో మోగుతోంది. నేను ఆ సైకిళ్ళ గురించే ఆలోచిస్తూ ఉండిపోయాను. చలికాలం, యుద్ధం రోజులు, హ్యాండిలుకి వేలాడే సీసాలు. మందుల చరిత్ర అంటే సూక్ష్మదర్శిని ముందు కూర్చున్న పెద్దమనుషుల బొమ్మలే చూపిస్తారు మనకి. మూత్రం మోసినవాళ్ళ బొమ్మ ఎవరూ వెయ్యలేదు.

మావయ్య – అయితే కిడ్నీయే మందుకి శత్రువన్నమాట. దాని నోరు కట్టేస్తే పోయేది కదా.

కోడలు – కట్టారు. అమెరికాలో కార్ల్ బేయర్ బృందం ఆ తోడిపోసే తలుపులకి అడ్డుపడే మందు కోసం వెతికి ప్రొబెనెసిడ్ తెచ్చింది. ఇది కూడా అదే తలుపు దగ్గర క్యూలో నిలబడుతుంది. ఇది నిలబడితే పెన్సిలిన్‌కి చోటుండదు, రక్తంలో ఎక్కువసేపు తిరుగుతుంది.

మావయ్య – ప్రొబెనెసిడ్ గౌట్ నొప్పుల మందు కదా?

కోడలు – అది తర్వాత దొరికిన ఉద్యోగం. ఇంకో తలుపు దగ్గర యూరిక్ యాసిడ్ వెనక్కి రాకుండా కూడా అడ్డుకుంటుంది. 1988లో టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెం గెలిచిన పెడ్రో డెల్గాడో మూత్రంలో ఈ మందే కనబడి పెద్ద రభస అయింది. స్టెరాయిడ్లు మూత్రంలోకి దిగకుండా దాచడానికి పనికొస్తుందని. సైకిల్ సంఘం నిషేధాల పట్టికలో అప్పటికి దీని పేరు ఎక్కలేదు కాబట్టి గెలుపు నిలిచింది.

మావయ్య – ఈ ప్రొబెనెసిడ్ నా కొట్లో అడిగినవాడు లేడు.

కోడలు – పెన్సిలిన్ చవకయ్యాక అవసరం తగ్గింది. ఇంకో ఉపాయమూ వచ్చింది. చిల్లు పూడ్చే బదులు, పోసేదాన్నే సన్నధార చెయ్యడం. నువ్వు అమ్మే పెనిడ్యూర్ అదే. పిరుదు కండలో ముద్దలా దిగి కొద్దికొద్దిగా కరుగుతుంది. కీళ్ళజ్వరం గుండెకి పట్టిన పిల్లలకి మూడు వారాలకో ఇంజెక్షన్ చాలు. కిడ్నీ దాని పని అది చేసుకుపోతూనే ఉంటుంది, దానికి అందేదే కొంచెం కొంచెం.

మావయ్యకి పెనిడ్యూర్ పేరు వినగానే ముఖం విప్పారింది. ఆ ఇంజెక్షన్ కోసం పలాస నుంచి కూడా తన కొట్టుకే వచ్చిన రోజులున్నాయట. అయితే ఆయన ఓడిపోతున్నాడని అనుకున్నాను గానీ, అసలు దెబ్బ అప్పుడు తీశాడు.

మావయ్య – ఇంత చెప్పావు. ఇప్పుడు నా మాట విను. మా పెదనాన్న కొడుకు సంగతి నీకు గుర్తుందా? న్యుమోనియా. మూడు రోజులు ఏమీ తాగక, వాంతులై, వడిలిపోయి ఒక పట్నం ఆసుపత్రిలో చేరాడు. ఏ ఆసుపత్రో చెప్పను. చేరిన పూట క్రియాటినిన్ 2.4. వెంటనే నీలాంటి లెక్కల మనిషెవరో వచ్చి పిపరాసిలిన్-టాజోబాక్టమ్ తగ్గించాడు. సెలైన్ పడింది, మూడో రోజుకి క్రియాటినిన్ 1.1. కిడ్నీ లేచి కూర్చుంది. మందు మాత్రం తగ్గించిన మోతాదులోనే నడిచింది. ఎవడూ తిరిగి లెక్క కట్టలేదు. అయిదో రోజుకి ఊపిరితిత్తుల్లో నీరు. బతికాడు, కానీ నెల రోజులు మంచం మీద. ఎక్కువ ఇస్తే చచ్చిపోతారని బెంగే గాని, తక్కువ ఇస్తే ఏమవుతుందో మీ చదువులో లేదా? సగం మందు తిన్న పురుగు మొండి పురుగవుతుందని మీరే కదా ఊదరగొడతారు?

(ఇక్కడ మావయ్య పక్షమే నాది. ఆ పిల్ల ముఖం చూస్తే ఆమెకీ అలాగే అనిపించినట్టుంది.)

కోడలు – ఇది నిజం మావయ్యా. మాలో కూడా ఇప్పుడు ఇదే చర్చ. నీరసించి, నీళ్ళు తగ్గి చేరినవాళ్ళ కిడ్నీ చాలామందిలో రెండ్రోజుల్లో కోలుకుంటుంది. ఆ రెండ్రోజులే ప్రాణానికి గండం. అందుకని పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ జాతి మందులు మొదటి 48 గంటలు తగ్గించొద్దు, నిండుగా వెయ్యండి, తర్వాత చూడండి అనేవాళ్ళు పెరుగుతున్నారు. వాటికి వెసులుబాటు ఎక్కువ, కొంచెం పెరిగినా ఒళ్ళు తట్టుకుంటుంది. ఇంకోటి కూడా నీ వైపే చెప్తాను. ఒళ్ళంతా చీము పట్టి ఐసీయూలో పడ్డ పడుచువాడికి గుండె పరుగెత్తుతుంది, కిడ్నీకి రక్తం పోటెత్తుతుంది. నిమిషానికి 130 దాటి శుభ్రం చేస్తుంది. వాడికి మామూలు మోతాదే చాలదు.

మావయ్య – అబ్బో. ఒప్పుకున్నావే.

కోడలు – ఆగు. వెసులుబాటు అన్నాను గానీ హద్దు లేదనలేదు. సెఫిపైమ్ అదే జాతి. కిడ్నీ పోయినవాళ్ళకి తగ్గించకుండా వేస్తే మూడో నాలుగో రోజున చేతులు ఎగరేస్తారు, మాట పోతుంది, కొందరికి మూర్ఛ వస్తుంది. పక్షవాతమనుకుని స్కానింగులకి పరుగెత్తిన కేసులు చూశాను. ఇక జెంటామైసిన్, అమికాసిన్ జాతి వేరే లోకం.

మావయ్య – అవి కిడ్నీని తింటాయని నాకూ తెలుసు.

కోడలు – ఎలా తింటాయో చెప్పనా? ఆ మందు వలలోంచి మొత్తం కారిపోతుంది, తోడిపోత అక్కర్లేదు. తొంభై శాతానికి పైగా మూత్రంలోకి చక్కగా దిగుతుంది. కానీ దారిలో గొట్టం గోడల కణాలు కొంచెం మందుని లోపలికి లాక్కుంటాయి. మెగలిన్ అనే కొక్కెం ఉంటుంది వాటికి. నిజానికి ఆ కొక్కెం ఉన్నది మూత్రంలోకి జారిన ప్రోటీన్లని ఏరుకోవడానికి. ఈ మందు కూడా దానికి తగులుకుంటుంది. లోపలికి పోయింది ఇక బయటికి రాదు. పోగవుతుంది, కణం చస్తుంది.

మావయ్య – అందుకే రోజుకి మూడుసార్లు కొద్దికొద్దిగా వేసేవాళ్ళం మా రోజుల్లో. మెత్తగా ఉంటుందని.

కోడలు – అదే తలకిందులైంది! కొక్కేలు కొన్నే ఉంటాయి. లారీ లోడు ఒక్కసారి దిగితే కళాసీ మోయగలిగినంతే మోస్తాడు, మిగతాది అతని పక్కనుంచి పోతుంది. రోజంతా బస్తా బస్తా వస్తుంటే అన్నీ మోసేస్తాడు. అందుకని ఇప్పుడు చాలామందికి రోజు మోతాదంతా ఒకేసారి వేసి, రక్తంలో దాదాపు సున్నాకి దిగేదాకా ఆగుతారు. పురుగు మీద దెబ్బ కూడా గట్టిగా పడుతుంది. కిడ్నీ మందగించిన వాళ్ళకి మోతాదు కొయ్యడం కన్నా మధ్యలో ఎడం పెంచడం మేలు. అదే పెన్సిలిన్ జాతికి మాటిమాటికీ అందుతూ ఉండాలి. ఒకదానికి ఎడం, ఒకదానికి కోత. 'కిడ్నీ పేషెంటు, సగం ఇవ్వండి' అని ఒకే మాట అన్నిటికీ పనికిరాదు.

మావయ్య – ఒళ్ళునొప్పుల బిళ్ళ తోడైతే ఇంకా దెబ్బ కదా, జెంటామైసిన్‌కి?

కోడలు – కిడ్నీకి పోయే రక్తమే తగ్గుతుంది. నువ్వు చీటీ లేకుండా డైక్లోఫెనాక్ ఇవ్వడం మానేశావని అత్త చెప్పింది.

మావయ్య – మానేశాను. ఈ నేల మీద ఇంకా అది చేస్తే పాపం.

ఈ నేల అంటే ఉద్దానం. బయటి వాళ్ళకి జీడిమామిడి, కొబ్బరి గుర్తొస్తాయి. మాకు డయాలసిస్ గుర్తొస్తుంది. కారణం ఇదీ అని ఇంకా తేలని కిడ్నీ జబ్బు ఇంటికొకరిని పట్టుకున్న ఊళ్ళున్నాయి. వారానికి రెండు మూడుసార్లు పలాసకో ఇంకెక్కడికో డయాలసిస్‌కి వెళ్ళొచ్చేవాళ్ళు ఈ కొట్టుకి రోజూ వస్తారు. అందుకే ఈ ఇద్దరి వాదన నాకు పుస్తకాల గొడవగా అనిపించలేదు.

మావయ్య – ఆ డయాలసిస్ వాళ్ళకి ఇంజెక్షన్ మిషను మీదకి వెళ్ళకముందా, దిగాకా అని నన్ను అడుగుతూ ఉంటారు.

కోడలు – చాలా మందులు దిగాకే. మిషను కారడం ఒక్కటే చెయ్యగలదు, తోడిపోత దానికి రాదు. చిన్న అణువు, ప్రోటీన్ని కరుచుకోనిది, నీళ్ళలో కరిగేది అయితే ఆ నాలుగు గంటల్లో చాలావరకు లాగేస్తుంది. ముందు వేస్తే డబ్బులు కాలువలో పోసినట్టే. సెఫ్ట్రియాక్సోన్ లాంటిది మాత్రం చేపని కరుచుకుని ఉంటుంది కాబట్టి పెద్దగా పోదు.

మావయ్య – ఇంత బాధెందుకు? కిడ్నీతో పనిలేని మందులున్నాయి కదా. డాక్సీసైక్లిన్ ఇచ్చేసి చేతులు దులుపుకోవడమే.

కోడలు – ఉన్నాయి. డాక్సీసైక్లిన్ ఎక్కువగా పేగుల దారిన పోతుంది. అజిత్రోమైసిన్ పైత్యరసంతో పోతుంది. మోతాదు మార్చక్కర్లేదు.

మావయ్య – డాక్సీసైక్లిన్ ఎవరి ఇంటి మందో తెలుసా? ఆ కుటుంబంలో మొదటిది, ఆరియోమైసిన్, 1948లో బయటికొచ్చింది లెడర్లీ కంపెనీ నుంచి. అక్కడ పరిశోధనకి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

కోడలు – తెలుసు, ప్రతి సంక్రాంతికీ చెప్తావు. అదే కుటుంబంలో గడువు దాటి పాడైన టెట్రాసైక్లిన్ మింగి కిడ్నీ గొట్టాలు దెబ్బతిన్న కేసులు 1960ల్లో బయటపడ్డాయి. అది కూడా చెప్పు.

మావయ్య – రిఫాంపిసిన్ మరి? క్షయ మందు. ఎర్రగా పోస్తారు. నెత్తురనుకుని ఏడ్చుకుంటూ వచ్చినవాళ్ళని ఎంతమందికి ధైర్యం చెప్పానో. అది మొత్తం కిడ్నీ దారే కదా?

కోడలు – కాదు. రంగు చూసి దారి చెప్పలేం. అదీ ఎక్కువ భాగం పైత్యరసంలోనే పోతుంది. మూత్రంలోకి దిగే కాస్తకే అంత రంగు. ఇంకో తమాషా చెప్పనా? కిడ్నీ ఊరికే పంపదు, కొన్నిటిని విరగ్గొడుతుంది కూడా. ఇమిపెనెమ్ బుడ్డి మీద సిలాస్టాటిన్ అని రెండో పేరెందుకు? ఇమిపెనెమ్‌ని గొట్టం గోడ మీది ఎంజైము ముక్కలు చేసేస్తుంది. ఆ ఎంజైముకి సంకెళ్ళు వెయ్యడానికి వచ్చిన కాపలాదారు సిలాస్టాటిన్. పురుగుని అది చంపదు.

మావయ్య – నీళ్ళ సంగతేటి? యాంటీబయాటిక్ వేసుకుంటే కొబ్బరినీళ్ళు, బార్లీనీళ్ళు బాగా తాగమంటాను. మందు కడిగేస్తుందని.

కోడలు – నీళ్ళు తాగితే మూత్రం పలచనవుతుంది, అంతే. కారే వేగం, తోడే వేగం నీళ్ళతో పెద్దగా మారవు. సల్ఫా మందులకి మాత్రం తాగాలి, లేకపోతే గొట్టాల్లోనే స్ఫటికాలు కడతాయి. ఇక కొబ్బరినీళ్ళు! ఉద్దానంలో కూర్చుని ఈ మాట అనకూడదు గానీ, వాటి నిండా పొటాషియం. కిడ్నీ మందగించినవాళ్ళలో అది బయటికి పోదు. దానికి తోడు కోట్రైమాక్సజోల్ వాడుతుంటే, అందులోని ట్రైమెతోప్రిమ్ కూడా పొటాషియాన్ని ఆపుతుంది. గుండె ఆగిపోయేదాకా తెలియదు. ఆ ట్రైమెతోప్రిమే క్రియాటినిన్ తోడిపోతకి అడ్డుపడి, కిడ్నీ బాగున్నా అంకె పెంచి చూపిస్తుంది. మందు ఆపితే దిగిపోతుంది.

మావయ్య – కొబ్బరినీళ్ళు కూడా లాక్కున్నావు! సరే, ఇందాకటి ముసలమ్మ దగ్గరికి రా. మంట మూత్రంలో. మందు మూత్రంలోకే దిగాలి. రక్తంలో పోగయ్యే గొడవే లేకుండా నైట్రోఫ్యూరాంటాయిన్ మంచిది కదా? డాక్టరుకి ఫోన్ చేసి మార్పిద్దాం.

కోడలు – (కళ్ళు పెద్దవి చేసి) మావయ్యా, ఇది నేను అనాల్సిన మాట. 'మూత్రంలో పోయేదంతా దండగ' అని ఇన్నాళ్ళూ అన్నది నువ్వే. మంట ఉన్నది సంచిలో అయితే అక్కడికి దిగిన మందే మందు. మాక్సీఫ్లాక్సాసిన్ లీవోఫ్లాక్సాసిన్‌కి తమ్ముడే. కానీ అది మూత్రంలోకి సరిపడా దిగదు కాబట్టి ఈ జబ్బుకి వాడరు. నైట్రోఫ్యూరాంటాయిన్ రక్తంలో పెద్దగా నిలవదు, మూత్రంలోకి చేరి అక్కడ పనిచేస్తుంది. కానీ తీసుకెళ్ళాల్సింది కిడ్నీయే. కిడ్నీ మందగిస్తే మందు మూత్రంలోకి చేరదు, రక్తంలో మిగిలి నరాలకి తగులుతుంది. 30 కన్నా దిగితే వద్దంటారు. కొందరు 45 దగ్గరే ఆపేస్తారు.

మావయ్య – ఆవిడకి 30 వచ్చింది. దిగలేదు కదా?

కోడలు – అంచు మీద ఉంది.

మావయ్య – ఆ 30 ఎక్కణ్ణుంచి వచ్చింది? 45 కిలోలు అన్నావు. తూచావా? చూపుతో తూచావు. సూత్రం కెనడా వాళ్ళది, బరువు నీ కంటిది. దాని మీద గీత గీసి ఇటు మందు, అటు విషం అంటున్నావు.

ఆ పిల్ల నోరు తెరిచి మూసింది. ముప్పై రెండేళ్ళుగా ఆ కొట్లో ఎవరి బరువూ అడగని మనిషి ఈ మాట అనడం నాకు కూడా వింతగానే ఉంది. అప్పుడే చీటీ మీది నంబరుకి ఫోన్ చేశాడు మావయ్య. డాక్టరు విన్నాడు, విసుక్కోలేదు. ఇవాళ 500 వేసుకోనియ్యండి, రేపటి నుంచి 250, మూత్రం కల్చర్‌కి పంపమనండి, మందు మార్చాలంటే బరువు చూసి చెప్పండి అన్నాడు. ముసలమ్మ ఇంటికి కబురు వెళ్ళింది.

మర్నాడు పొద్దున్నే మావయ్య బీరువా వెనక నుంచి బరువు చూసే మిషను లాగి, గుడ్డతో దుమ్ము తుడిచి గుమ్మంలో పెట్టాడు. పుష్కరాల నాడు ఏదో కంపెనీ వాడు ఊరికే ఇచ్చి వెళ్ళిందట. ముసలమ్మని మనవడు జబ్బ పట్టుకుని ఎక్కించాడు. చెప్పులు విప్పమంది కోడలు. ముల్లు కాసేపు ఊగి 41 దగ్గర ఆగింది.

మావయ్య బిల్లు పుస్తకం వెనక లెక్క కట్టాడు. 68ని 41తో గుణించి, 86.4తో భాగించి, 0.85తో గుణించి. ఆయన చెయ్యి ఆగడం నాకు బల్ల దగ్గర్నుంచి కనబడుతూనే ఉంది. 27. నైట్రోఫ్యూరాంటాయిన్ డబ్బా తీసి పెట్టుకున్నవాడు, దాన్ని మళ్ళీ అరలోకి తోసేసి లీవోఫ్లాక్సాసిన్ 250 బిళ్ళలు లెక్కపెట్టాడు.

ముసలమ్మ ఇంకా మిషను మీదే నిలబడి ఉంది.

"ఎంతొచ్చినాది బాబూ? పాసైనానా?"